పెంగ్విన్ల కోసం అంటార్కిటికా వెళ్లడం తప్పా?

ఓడెక్కినవాడు:
ఫిబ్రవరిలో వెళ్లొచ్చాం. అర్జెంటీనాలోని ఉషువాయా నుంచి ఓడ. డ్రేక్ జలసంధి దాటేసరికి రెండు రోజులు, ఆ రెండు రోజులూ నాకు మంచినీళ్లు కూడా కడుపులో నిలవలేదు. ఫొటోలు పెట్టగానే మా బావ, "వాటినైనా ప్రశాంతంగా బతకనివ్వరా?" అన్నాడు. అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది.

మాకు మాత్రం చాలా పద్ధతిగా చూపించారు. దిగేముందు బూట్లు మందునీళ్లలో ముంచారు, బ్యాగుల అతుకుల్లో వాక్యూమ్ పెట్టారు. నా బ్యాగు వెల్క్రోలో ఒక గడ్డిగింజ దొరికింది. సంక్రాంతికి మా ఊరి పొలాల్లో తిరిగిన బ్యాగు అది! ఒడ్డున ఒకేసారి వంద మందికి మించి ఉండకూడదు, పక్షికి ఐదు మీటర్ల దూరంలో ఆగాలి. బర్డ్ ఫ్లూ భయంతో కూర్చోనివ్వరు, బ్యాగు కింద పెట్టనివ్వరు.

కవర్‌విల్ దీవిలో దిగాం, అంతా జెంటూ పెంగ్విన్లే. ఎండుచేపల వాసన ఎరిగినవాణ్నే, అయినా ముక్కు మూసుకున్నా. తల్లి మేత తెచ్చి, పెట్టకుండా పరుగు లంకించుకుంటుంది. తల్లంత పెరిగిన పిల్లలు రెండూ పడుతూ లేస్తూ వెంటపడతాయి. చివరిదాకా వదలని దానికే ముద్ద. గంటసేపు అదే చూశాను. మీరేమంటారు, వెళ్లడం తప్పేనా?

గోదారి గట్టు:
తప్పే. 1990ల మొదట్లో ఏడాదికి ఏడు వేల మందిలోపే వెళ్లేవారు. 2023-24 సీజన్లో లక్షా ఇరవై వేలు దాటారు. ఓడల మసి మంచు మీద పడితే అది తొందరగా కరుగుతుంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఒక్కో సందర్శకుడి వంతుకు సుమారు 83 టన్నుల మంచు అని లెక్కగట్టింది. ఐదు మీటర్లు వెనక్కి జరిగితే ఆ మసి పోతుందా? పైగా ఈ రూల్స్ టూర్ కంపెనీల సంఘం తనకు తాను రాసుకున్నవి.

రొయ్యల చెరువు:
చిన్న సవరణ అండీ. వంద మంది రూలు, 500 మందికి మించిన ఓడ నుంచి ఎవరినీ దింపకూడదన్న రూలు 2009లో అంటార్కిటిక్ ఒప్పంద దేశాలూ ఆమోదించాయి.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం దగ్గర ఐదు ఎంపరర్ పెంగ్విన్ కాలనీల్లో నాలుగింట్లో పిల్లలు దక్కలేదు. కాళ్ల కింది సముద్రపు మంచు ముందే విరిగిపోయింది. దానికి టూరిస్టు బూట్లు కారణమా? ఇక క్రిల్ సంగతి, అంటే పెంగ్విన్లు తినే రొయ్యలాంటి బుల్లి జీవి. 2025లో 6,20,000 టన్నుల పరిమితి నిండిపోయి వేట ముందే ఆపేశారు. ఆ క్రిల్ పొడి చేపల, రొయ్యల మేతల్లోకీ వెళ్తుంది. చెరువుల వాణ్ని, నన్నూ కలిపే తిట్టండి.

గోదారి గట్టు:
పెద్ద దొంగ ఉన్నాడు కాబట్టి చిన్న దొంగను వదిలేద్దామా?

ఓడెక్కినవాడు:
మసి విషయంలో నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. పెంగ్విన్లు బెదిరిపోతాయన్నది మాత్రం ఒప్పుకోను. అక్కడే పోర్ట్ లాక్‌రాయ్ అని టూరిస్టులు దిగే చోటుంది, ఆ దీవిలో కొంత భాగంలోకి మనుషులను రానివ్వరు. రెండు వైపులా గుడ్లూ పిల్లలూ లెక్కపెట్టి, పెద్ద తేడా లేదని 1999లోనే రాశారు.

గోదారి గట్టు:
1999 నాటి జనం ఎంత, ఇప్పటి జనం ఎంత? పైగా మీ గడ్డిగింజనే చూడండి. అంటార్కిటికాలోని కింగ్ జార్జ్ దీవిలో బయటి నుంచి వచ్చిన పోవా గడ్డి అలాగే పాతుకుపోయింది.

రొయ్యల చెరువు:
అది 1985లో కనబడింది పోలండ్ పరిశోధన కేంద్రం దగ్గర కదండీ, టూరిస్టుల దగ్గర కాదు.

గోదారి గట్టు:
గింజకేం తెలుసు, బ్యాగు సైంటిస్టుదో టూరిస్టుదో!

ఓడెక్కినవాడు:
సరే, ఒక నిజం చెప్పేస్తా. నా బ్యాగులో దొరికింది ఒకటి కాదు, మూడు గింజలు. మూడోది ఆ అమ్మాయి రెండోసారి పట్టకారు పెడితే గానీ బయటపడలేదు. మొదట ఒకటని రాసింది పరువు కోసం.