తెలుగు పీడీఎఫ్‌ను స్క్రీన్ రీడర్ సరిగా చదవాలంటే లాటెక్‌లో ఏమి చేయాలి?

ప్రశ్న (అర్థశాస్త్రం ఉపన్యాసకురాలు)
డిగ్రీ విద్యార్థులకు నోట్సు జీలాటెక్‌లో (ఆదేశాలు టైపు చేసి పీడీఎఫ్ తీసే లాటెక్‌లో ఒక రకం) తయారుచేస్తాను. ఈ ఏడాది చూపులేని అబ్బాయి ఒకడు చేరాడు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో ఎలా వింటున్నాడో తెలుసుకుందామని నిన్న అతని ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టుకున్నాను. ధర, డిమాండు పట్టిక రాగానే "10, 50, 20, 40, 30, 30" అంటూ అంకెలు ఏకధాటిగా వచ్చాయి. "మేడమ్, ఇందులో ధర ఏది?" అన్నాడు. డిమాండు రేఖ బొమ్మ దగ్గర ఒక్క మాటా లేదు. ఒత్తులున్న పదాలు కొన్ని ముక్కలై వినిపించాయి. రాత్రంతా అదే ఆలోచన. అంతా మళ్లీ టైపు చేయాలా?

జవాబు 1
అవసరం లేదు మేడమ్. తాజా టెక్ లైవ్ (లాటెక్ సాఫ్ట్‌వేర్ అంతా ఉండే మూట) వేసుకుని, జీలాటెక్ బదులు లువాలాటెక్‌కు మారండి. ట్యాగింగ్ (ఏది శీర్షిక, ఏది పట్టిక, ఏది బొమ్మ అని పీడీఎఫ్‌లో గుర్తులు పెట్టడం) పని ప్రధానంగా దానిమీదే సాగుతోంది. డాక్యుమెంట్‌క్లాస్ కంటే ముందే డాక్యుమెంట్‌మెటాడేటా ఆదేశం రాసి, అందులో భాష తెలుగు అని, ట్యాగింగ్ ఆన్ అని, ప్రమాణం యూఏ-2 (అందరూ చదవగలిగే పీడీఎఫ్‌కు ఉన్న ప్రమాణం) అని ఇవ్వండి. ఫాంటుకు హార్ఫ్‌బజ్ రెండరర్ (అక్షరాలను, ఒత్తులను సరిగా కూర్చే సాధనం), తెలుగు లిపి ఎంచుకోండి. ఒత్తుల చిక్కు చాలావరకు అక్కడే విడిపోతుంది. పట్టికలో మొదటి వరుస శీర్షికలదని విడిగా చెప్పాలి. శీర్షికలను చేత్తో బోల్డు చేసి ఉంటే సెక్షన్‌గా మార్చండి. బోల్డు కంటికే తెలుస్తుంది.

జవాబు 2
నేనూ వినే చదువుతాను. పీడీఎఫ్ ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో చూసే వెరాపీడీఎఫ్ పరీక్షలో దస్త్రం నెగ్గినా బొమ్మ నాకు అర్థమవుతుందని హామీ లేదమ్మా. బొమ్మ చేర్చే ఇన్‌క్లూడ్‌గ్రాఫిక్స్ ఆదేశంలో ఆల్ట్ (బొమ్మకు బదులు చదివి వినిపించే వివరణ) దగ్గర "రేఖాచిత్రం" అని వదిలేయకండి. "ధర 10 నుంచి 50 రూపాయలకు పెరిగితే డిమాండు 50 నుంచి 10 కిలోలకు తగ్గుతుంది, రేఖ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలుతుంది" అని రాయండి. పాఠం చెప్పేటప్పుడు బోర్డు దగ్గర మీ నోట వచ్చే మాటలే అవి.

ప్రశ్న అడిగినవారు
మొదటి యూనిట్ మార్చాను. బోల్డు చేసిన శీర్షికలు ఇరవైమూడు తేలాయి, అన్నీ సరిచేశాను. ఈ ఉదయం అతను శీర్షిక నుంచి శీర్షికకు దూకించే హెచ్ మీట నొక్కి నేరుగా "డిమాండు సూత్రం" దగ్గరికి వెళ్లాడు. పట్టికలో కంట్రోల్, ఆల్ట్‌తో కుడి బాణం నొక్కితే "డిమాండు, 40" అని వినిపించింది. బొమ్మ వివరణ రెండుసార్లు విని, బల్లమీద వేలితో ఆ రేఖ గీసి చూపించాడు. రెండో యూనిట్ ఈ రాత్రికే మొదలుపెడుతున్నాను.