సుంగై బులో చిత్తడి నేల, బుద్ధ దంత ఆలయం: జనవరి యాత్రకు ఏర్పాట్లు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. సింగపూర్‌లోని సుంగై బులో చిత్తడి నేలకు, బుద్ధ దంత ఆలయానికి మన యాత్ర జనవరిలో ఒక ఆదివారం జరపాలని నిర్ణయించాం. అది ఏ ఆదివారమో ఆటుపోట్ల పట్టిక చూసి తేల్చుకుందామని నా విన్నపం. ఆటు సమయంలో వలస పక్షులు జోహోర్ జలసంధి ఒడ్డున తేలిన బురద మీద దూరదూరంగా మేస్తుంటాయి. పోటు వచ్చి ఆ బురద మునిగాక, ఒకప్పుడు రొయ్యల చెరువులుగా ఉండి ఇప్పుడు తూములతో నీటిమట్టాన్ని అదుపు చేస్తున్న లోపలి మడుగులకు గుంపులుగా చేరి సేదదీరుతాయి. పోటు ఉదయం పది గంటల ప్రాంతంలో ఉండే ఆదివారం దొరికితే ముందు పక్షులు, తరువాత ఆలయం. మధ్యాహ్నమైతే వరుస తారుమారు చేద్దాం. మార్చి తరువాత ఉల్లంకి పిట్టల వంటి ఆ వలస పక్షులు ఉత్తరాదికి వెళ్ళిపోతాయి కనుక వాయిదా మాత్రం వద్దు.

రవాణా బాధ్యులు:
ప్రత్యేక బస్సు అవసరం లేదండీ. క్రాంజి స్టేషన్ నుంచి 925 నంబరు బస్సు ఉంది, కానీ అందరం ఒకేసారి ఎక్కితే మిగతా ప్రయాణికులకు చోటుండదు కాబట్టి రెండు జట్లుగా వెళ్ళాలి. తిరుగు ప్రయాణంలో క్రాంజి నుంచి రెండో స్టేషనైన వుడ్‌లాండ్స్‌లో థామ్సన్-ఈస్ట్ కోస్ట్ రైలుకు మారితే, ఆలయం పక్కనే ఉన్న మాక్స్‌వెల్‌లో దిగవచ్చు. పెద్దవారికి టాక్సీలు మాట్లాడతాను.

భోజన బాధ్యులు:
పులిహోర, పెరుగన్నం నేను చూసుకుంటాను. అయితే అక్కడి కోతులు ప్లాస్టిక్ సంచి కనిపిస్తే చాలు మీద పడతాయి. అందుచేత భోజనం మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టి, వీపు సంచుల్లోనే ఉంచాలి. పిల్లలు జాలిపడి వాటికి ముద్ద పెట్టినా అక్కడ నేరమే, జరిమానా కట్టాలి.

సమన్వయకర్త:
మంచి మాట చెప్పారు. ఉప్పునీటి మొసళ్ళు కూడా ఉన్నాయి కనుక ఎవరూ బాట దిగకూడదని ముందే చెప్పి తీసుకువెళదాం. ఆలయంలో భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ఉండాలి, మాంసాహారం లోపలికి తేకూడదు.

మన శ్రీకాకుళం సభ్యులు ఆమదాలవలస దగ్గర, బుద్ధుని దంతం ఒకప్పుడు ఉండేదని చెప్పుకునే దంతపురం గురించి ఐదు నిమిషాలు మాట్లాడతామన్నారు, సంతోషం. ఒక్క మనవి: రాజకుమారి హేమమాల కొప్పులో దాచి కళింగం నుంచి లంకకు చేర్చిందని కథ చెప్పుకునే దంతం శ్రీలంకలోని క్యాండీలో ఉన్నది. 2007లో పూర్తయిన ఈ సింగపూర్ ఆలయం వారు తమ దగ్గరున్న దంతం మయన్మార్ నుంచి వచ్చిందంటారు. రెండింటినీ కలిపేస్తే వినేవారికి తప్పుడు సమాచారం ఇచ్చినట్లవుతుంది.

జనవరి ఆదివారాల పోటు వేళలను బుధవారం లోపు ఇక్కడ రాయగలవారు ఎవరైనా ముందుకు రావాలి.

రవాణా బాధ్యులు:
ఆ పని నాకు వదిలేయండి.