హార్బర్ వేలం వీడియోకి ఎల్లో డాలర్ పడుతుందా?

ఉప్పుగాలి: మాది వైజాగే. ఛానల్‌కి ఈమధ్యే మానిటైజేషన్ (యాడ్స్ మీద డబ్బు) వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున చేపల వేలం తీశాను, బోట్లోంచి గంపలు దించడం దగ్గర్నుంచి వంజరం ముక్కలు కొట్టేదాకా అంతా వచ్చింది, కానీ ధర దగ్గర పేచీ వస్తే బూతులు ధారాళంగా పడతాయి కదా, అవి తీసేస్తే అది హార్బర్‌లానే ఉండదు. పైగా కత్తి కింద రక్తం. యూట్యూబ్‌లో ఎల్లో డాలర్ గుర్తు పడి యాడ్స్ తగ్గిపోతాయని అందరూ భయపెడుతున్నారు. ఏం ఉంచాలి, ఏం తీసేయాలి? ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, ఈలోపే వదలాలి.

గాజువాక ఎడిటర్: రక్తం గురించి టెన్షన్ వద్దు బ్రదర్. వంటకి చేప కోయడం మామూలు విషయమే. రక్తం మీదే జూమ్ చేసి, దాన్నే థంబ్‌నెయిల్‌లో (వీడియో పైన కనిపించే బొమ్మలో) పెట్టి జనాన్ని హడలగొడితే అప్పుడు గొడవ. బూతులకి బీప్ వేసేయండి. 2025 జులైలో రూల్ కాస్త సడలించారు, మొదటి 7 సెకన్లలో పచ్చి బూతు వచ్చినా పూర్తి యాడ్స్ రావచ్చు, అలాగని వీడియో పొడవునా అదే వరస అయితే కుదరదు. టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో మాత్రం అస్సలు పెట్టకండి.

జాలారిపేట అక్క: బీప్ వెయ్యి తమ్ముడూ, యాడ్స్ సంగతి తర్వాత. మా మావయ్యలు కోపంలో అన్నవి ఊరంతా వినాలా? వేలంలో చూడాల్సింది ధర ఎలా ఎక్కుతుందో, ఎవరు కనుసైగతో పాట ఆపుతారో. అది చూపించు.

ఉప్పుగాలి: సరే అక్కా, వేస్తాను. బీప్ వేసినా ఎల్లో వస్తే?

గాజువాక ఎడిటర్: ముందు ప్రైవేట్‌లో పెట్టండి, యూట్యూబ్ చెకింగ్ అయ్యాక గ్రీనో (పూర్తి యాడ్స్) ఎల్లోనో తెలుస్తుంది. అప్‌లోడ్‌లో అడిగే ప్రశ్నలకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎల్లో అయితే రివ్యూ అడగొచ్చు, మనిషే చూస్తాడు, కానీ ఆ నిర్ణయమే ఫైనల్, కాబట్టి థంబ్‌నెయిల్ సరిచేసుకున్నాకే అడగండి. ఎల్లో ఉన్నా యూట్యూబ్ ప్రీమియం వాళ్లు (నెలనెలా కట్టి యాడ్స్ లేకుండా చూసేవాళ్లు) చూసినందుకు డబ్బు వస్తుంది.

ఉప్పుగాలి: థాంక్స్ అన్నా. నిడివి 7:40 వచ్చింది, మధ్యలో యాడ్స్ పడతాయా?

గాజువాక ఎడిటర్: పడవు, 8 నిమిషాలు ఉండాలి. ఐసు కొట్టే సీన్ ఉంటే కలిపేయండి, అది ఎవరైనా చూస్తారు.