కజకిస్తాన్‌ను ‘గోడ మీద పిల్లి’ అనొచ్చా?

రష్యాతోనూ, చైనాతోనూ, అమెరికాతోనూ చేతులు కలుపుతున్న కజకిస్తాన్‌ను ‘గోడ మీద పిల్లి’ అనొచ్చా అని ఒక అన్న అడిగారు. అనకూడదన్నా. మా కడపలో ఎన్నికలొస్తే ఈ మాట రోజూ వినపడుతుంది. నామినేషన్ల దాకా ఏదీ తేల్చకుండా ఉండి, చివర్లో గెలుపు ఎటుంటే ఆ కండువా కప్పుకునేవాడిని అలా అంటారు. అంటే ఆ పిల్లి ఎప్పుడో ఒకప్పుడు ఒక పక్కకు దూకాల్సిందే, దూకాక రెండో పక్కతో దానికి పని లేదు.

కజకిస్తాన్ ఎటు దూకుతుంది చెప్పండి? రష్యాతో దాదాపు 7,600 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, బయటికి అమ్మే చమురులో ఎక్కువ భాగం రష్యా మీదుగా నొవొరొసీస్క్ రేవుకు వెళ్లే పైపులైన్లోనే పోతుంది. ఇంకో పక్క చైనా. షీ జిన్‌పింగ్ కొత్త సిల్క్ రోడ్డు అనే వాణిజ్య మార్గం ఆలోచన 2013లో బయటపెట్టింది కజకిస్తాన్ రాజధాని అస్తానాలోనే.

2022 జనవరిలో అల్లర్లు చెలరేగితే అధ్యక్షుడు తొకాయెవ్ రష్యా నడిపించే సైనిక కూటమి సేనలను పిలిపించుకున్నాడు. అదే ఏడు జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, పుతిన్ ఉన్న వేదిక మీదే, ఉక్రెయిన్ నుంచి విడిపోయామంటూ రష్యా అండతో నిలబడ్డ దొనెత్స్క్, లుహాన్స్క్‌లను దేశాలుగా గుర్తించేది లేదని మొహం మీదే చెప్పేశాడు. గోడ మీద పిల్లికి అంత నోరు ఎక్కడిది?

ఇక అణు విద్యుత్ కేంద్రాలు. కట్టాలా వద్దా అని 2024 అక్టోబరులో జనం ఓటుకు పెట్టి, మరుసటి ఏడు మొదటిది కట్టే పని రష్యాకు, రెండోది చైనాకు అని తేల్చారు. ప్రపంచంలో తవ్వే యురేనియంలో దాదాపు 40 శాతం కజకిస్తాన్‌దే. మా వేముల మండలం తుమ్మలపల్లెలో గని ఉన్నా మన దేశం వాళ్ల దగ్గరా కొంటోంది, 2015లో 5,000 టన్నులకు ఒప్పందం కూడా అయింది. సరుకున్నవాడు నలుగురికీ అమ్ముకుంటే తప్పేముంది?

పేపర్లలో ‘బహుముఖ విదేశాంగ విధానం’ అని రాస్తారు, అర్థం సరిపోతుంది గానీ మాట్లాడేటప్పుడు నోటికి రాదు. ‘పాము చావకుండా, కర్ర విరగకుండా’ అని ఇంకొకరు సూచించారు, అది తేల్చాల్సింది తేల్చకుండా నెట్టుకొచ్చేవాళ్లకు గదా, తొకాయెవ్ అక్కడ తేల్చే చెప్పాడు. నేనైతే ‘లౌక్యం’ అంటాను. ఆ మాటలో కొంచెం జిత్తులమారితనం వినిపిస్తుందనేవాళ్లు ఉంటారు, ఉండనీండి, ఇద్దరు బలవంతుల మధ్య కాపురం చేసేవాళ్లకు ఆ పాటి తెలివి ఉండాల్సిందే.

ఆ పిల్లి మాట వాడి తీరాలంటే ఉజ్బెకిస్తాన్ పాత రోజులకు వాడండి. 2001లో అమెరికా సైన్యానికి స్థావరం ఇచ్చి, 2005లో అండిజాన్ ఊళ్లో నిరసనకారుల మీద సర్కారు జరిపిన కాల్పుల మీద విమర్శలు రాగానే ఖాళీ చేయించి, రష్యా కూటమిలోకి మళ్లీ చేరి, 2012లో అందులోంచీ బయటికి వచ్చేసింది. దాన్ని అలా అంటే నేను కాదనను.