గుహా జలచరాల ఉనికిని నిర్ణయించేది భూమి గతమా, నేటి పరిస్థితులా?

చీకటినీరు:
వెలుతురు సోకని గుహల ఏరుల్లో, మడుగుల్లో, రాతి పగుళ్లలోని నీటిలో మాత్రమే బతికే జంతువులు ఒకచోట పదుల జాతులుగా కనిపిస్తాయి. అలాంటి రాయే, అలాంటి నీరే ఉన్న మరోచోట ఒక్కటీ కనిపించదు. ఈ తేడాకు ప్రధాన కారణం భూమి గతమా, లేక ఇప్పుడు అక్కడ దొరికే తిండీ చోటూనా అన్నది చర్చకు పెడుతున్నాను. గతమేనని నా అభిప్రాయం.

ఐరోపాలోని భూగర్భజల క్రస్టేషియన్లలో (రొయ్యలు, పీతల కోవకు చెందిన జీవుల్లో) 1,500కు పైగా జాతుల వ్యాప్తిని ఒకచోట చేర్చి చూసిన పరిశీలన ఒకటి 2014లో వెలువడింది. సుమారు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక పైకి వెళ్లేకొద్దీ ఒక్కో జాతి ఆక్రమించిన ప్రాంతం విశాలమవుతుందనీ, దక్షిణాన చిన్న చిన్న ప్రాంతాలకే పరిమితమైన జాతులు ఎక్కువనీ అందులో తేలింది. నేల మీది జంతువుల్లో ఇలాంటి తేడా కనిపిస్తే ఋతువుల మధ్య ఉష్ణోగ్రతల తేడాయే కారణమనవచ్చు. కానీ భూగర్భజలం ఏడాది పొడవునా దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి ఆ వివరణ ఇక్కడ చెల్లదు. మంచుయుగపు తీవ్రదశ నుంచి నేటి దాకా వాతావరణం ఎంతగా మారిందన్నదే మిగిలే వివరణ.

ఇంకా వెనక్కి వెళితే, మడగాస్కర్ గుహల్లోని టైఫ్లియోట్రిస్ అనే కళ్లులేని చేపకు అతి దగ్గరి బంధువు వాయవ్య ఆస్ట్రేలియా గుహల్లోని మిల్యెరింగా అని 2012లో డీఎన్‌ఏ ఆధారంగా తేల్చారు. భారతదేశపు భూగర్భజలంలో ఉండే నికోల్సియా, ఆంధ్రకాయిడిస్ అనే ఐసోపోడ్‌ల (ఒక రకం చిన్న క్రస్టేషియన్ల) కుటుంబానికి చెందినవే పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. చీకటిలో బతికే ఈ మంచినీటి జీవులు హిందూ మహాసముద్రాన్ని ఈది దాటాయనడం కంటే, గోండ్వానా అనే ప్రాచీన మహాఖండం విడిపోయినప్పుడు వాటి పూర్వీకులు కూడా విడిపోయాయనడమే సబబు.

సున్నపురాయి:
చీకటినీరు గారూ, మీరు చూపినవన్నీ ఒక వంశం ఏ ఖండానికి చేరిందో చెబుతాయి. ఆ ఖండంలోని వేల గుహల్లో ఏ గుహలో అది నిలదొక్కుకుందో చెప్పవు. గుహలో మొక్కలు పెరగవు. తిండి పైనుంచి కొట్టుకు రావాలి, లేదా అక్కడే రసాయనాల నుంచి పుట్టాలి.

రుమేనియాలో 1986లో బయటపడ్డ మోవిలే గుహను చూడండి. పైనుంచి దాదాపు ఏమీ అందని ఆ గుహలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, మీథేన్‌ను వాడుకుని బతికే బాక్టీరియా నీటి మీద తెట్టులా పేరుకుంటుంది. ఆ తెట్టే ఆధారంగా నీటిలోనూ, ఒడ్డునా కలిపి సుమారు 50 జాతులు బతుకుతున్నాయి. వాటిలో 30కి పైగా అక్కడ తప్ప మరెక్కడా దొరకలేదు. స్లొవేనియాలోని పోస్టోయ్నా–ప్లానినా గుహలు ప్రపంచంలోనే అత్యంత జీవసంపన్నమైన వాటిలో లెక్కకు వస్తాయి. పీవ్కా నది ఆ గుహల్లోకే దిగిపోతూ ఆకులనూ, మట్టినీ, సేంద్రియ పదార్థాన్నీ మోసుకుపోవడం అందుకు కారణం కాదనగలమా?

చోటు సంగతి కూడా విస్మరించరానిది. నైఫార్గస్ అనే, రొయ్యను పోలిన చిన్న క్రస్టేషియన్ల ఒక్క ప్రజాతిలోనే 400కు పైగా జాతులున్నాయి. గులకరాళ్ల సందుల్లో ఉండేవి చిన్నగా, సన్నగా ఉంటాయి. విశాలమైన గుహా మడుగుల్లో ఉండేవి పెద్దవిగా, పొడవాటి కాళ్లతో ఉంటాయి. పరస్పరం దగ్గరి చుట్టరికం లేని శాఖలు కూడా ఒకే రకమైన చోట ఒకే రూపాన్ని సంతరించుకున్నాయి. అంటే ఏ నీటిలో ఎవరు ఇమడగలరో నిర్ణయించడంలో నేటి ఆవాసానికి పెద్ద వాటా ఉంది.

ఊటబావి:
మంచు గురించి ఒక మాట చెప్పాలి. మంచు కప్పిన చోట అంతా తుడిచిపెట్టుకుపోయి, ఆ తర్వాత దక్షిణం నుంచి వలస వచ్చినవే ఉత్తరాన మిగిలాయన్న చిత్రం అన్నిచోట్లా నిజం కాదు. ఐస్‌లాండ్‌లో ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో క్రిమోస్టిగియస్ థింగ్వల్లెన్సిస్, క్రాంగోనిక్స్ ఐస్‌లాండికస్ అనే రెండు భూగర్భజల ఆంఫిపోడ్‌లను (నైఫార్గస్ కోవకే చెందిన చిన్న క్రస్టేషియన్లను) గుర్తించారు. అవి ప్రపంచంలో మరెక్కడా లేవు. మంచుయుగంలో దాదాపు పూర్తిగా మంచు కిందే ఉన్న ద్వీపం అది. మంచు కరిగాక గడిచిన పదివేల ఏళ్ల స్వల్పకాలంలో సముద్రం దాటి వచ్చి, బంధువులందరి నుంచి ఇంతగా వేరుపడటం సాధ్యమని నేను అనుకోను. అగ్నిపర్వతపు వేడి వల్ల గడ్డకట్టని నీటిలో, లావా పగుళ్లలో అవి లక్షల ఏళ్లుగా బతికి వచ్చాయనుకోవడమే సమంజసం. కెనడాలో కొలంబియా మంచుక్షేత్రం కిందికి సాగే కాజిల్‌గార్డ్ గుహలో కూడా స్టైగోబ్రోమస్ కెనడెన్సిస్ అనే ఆంఫిపోడ్ ఉంది.

కాబట్టి మంచు ఎక్కడి దాకా వచ్చిందన్న గీత ఒక్కటే చాలదు. ఆ మంచు అడుగున పారే నీరు మిగిలిందా అన్నది కూడా అడగాలి. ఇది చరిత్ర పక్షాన్ని బలహీనపరచదు గానీ, చరిత్రను ఇంకా సూక్ష్మంగా చదవమంటుంది.

పటంగీత:
తిండి, మంచు రెండింటి గురించీ మాట్లాడుతున్నారు గానీ దారి గురించి ఎవరూ చెప్పలేదు. నా దృష్టిలో అసలు విషయం అదే.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని యిల్గార్న్ ప్రాంతంలో పాత నదీమార్గాల వెంట కాల్క్రీట్ అనే సున్నపు పొరలు విడివిడి ముక్కలుగా ఉన్నాయి. ఒక్కో ముక్కలోనూ నీరుంది. వాటి మధ్యనున్న నేల ఈ జీవులు దాటగలిగినది కాదు. లక్షల ఏళ్ల పాటు వాతావరణం పొడిబారుతూ వచ్చిన కాలంలో నేల పైనున్న నీటిలో బతికే ఈత పురుగులు ఆ పొరల్లోకి దిగి కళ్లు కోల్పోయాయి. అక్కడ దాదాపు ప్రతి కాల్క్రీట్‌కూ దాని సొంత జాతులే ఉన్నాయి. ఒకదానిలో ఉన్నది పొరుగుదానిలో దొరకదు. ఆ ముక్కలన్నిటిలో రాయి ఒక్కటే, తిండి వచ్చే తీరు ఒక్కటే. తేడా అంతా దాటలేని నేల వల్లే వచ్చింది.

సున్నపురాయి గారూ, విశాలంగా వ్యాపించాయని మనం చెప్పుకునే జాతుల సంగతి కూడా చూడాలి. ఐరోపాలో అలాంటి భూగర్భజల జీవులను 2009లో డీఎన్‌ఏతో పరిశీలించినప్పుడు, ఒకే పేరుతో పిలుస్తున్నవి చాలావరకు వేర్వేరు వంశాలని తేలింది. నిజంగా 200 కిలోమీటర్లకు మించి వ్యాపించినవి చాలా అరుదు. ఓల్మ్ అనే గుహా ఉభయచరాన్ని హెర్జెగోవినాలో గుర్తులు పెట్టి గమనిస్తే, ఒకటి ఏడేళ్ల పాటు కదలకుండా అదే చోట ఉన్నట్టు తెలిసింది. తిండి పుష్కలంగా ఉన్న గుహ పక్కనే ఉన్నా, వెళ్లే దారి లేనివాటికీ, కదిలే అలవాటు లేనివాటికీ దానివల్ల ప్రయోజనమేముంది?

సున్నపురాయి:
కాల్క్రీట్ ఉదాహరణ బలమైనదే. అయితే దానికి ఎదురుగా కానరీ దీవుల్లోని లాంజరోటే ద్వీపాన్ని పెడతాను. అక్కడ కొరోనా అగ్నిపర్వతపు లావా సొరంగం వయసు సుమారు 20 వేల ఏళ్లు. దానిలో సముద్రపు నీరు నిండిన భాగంలో రెమిపీడియా అనే క్రస్టేషియన్ తరగతి జీవులున్నాయి. ఆ తరగతి ఎంతో పురాతనమైనది. ఇల్లు కొత్తది, ఉంటున్న వంశం పాతది అయినప్పుడు, ఆ జీవులు ఎక్కడి నుంచో కదిలి వచ్చాయని ఒప్పుకోవాలి. అనువైన చోటు ఏర్పడగానే అవి వచ్చి చేరాయి.

చీకటినీరు:
వచ్చాయి, నిజమే. కానీ ఎంత దూరం నుంచి? లాంజరోటే ద్వీపం వయసు సుమారు కోటిన్నర ఏళ్లు. సొరంగం పుట్టక ముందే దాని పాత లావా పగుళ్లలో ఉప్పునీరు ఉంది. ఆ పగుళ్ల నుంచి పక్కనే ఏర్పడిన సొరంగంలోకి రావడం కొన్ని అడుగుల ప్రయాణమే కావచ్చు. మనిషి దూరగలిగిన ఖాళీని గుహ అంటున్నాం. ఆ జీవికి పగులూ గుహే. అందుకే గుహ వయసును జీవి రాకకు కొలతగా తీసుకోవడం నాకు సరైనదిగా తోచదు.

దక్షిణ ఐరోపా వంటి మంచు కప్పని ప్రాంతాల్లో మాత్రం తిండికీ, ఆవాసాల వైవిధ్యానికీ ఎక్కువ ప్రాధాన్యం ఉందని అంగీకరిస్తాను. ఉత్తరాన గతం, దక్షిణాన వర్తమానం ముఖ్య కారణాలవుతాయన్న వాదనకు ఆధారాలున్నాయి. మొత్తం ఖండానికి ఒకే జవాబు ఉండాలని పట్టుబట్టవలసిన పని లేదు.

ఊటబావి:
ఆ విభజనను ఒప్పుకునే ముందు ఒక అభ్యంతరం ఉంది. మనం "లేదు" అనుకుంటున్న చోట్లలో చాలావాటిని ఎవరూ సరిగా చూడనే లేదు. రెమిపీడియా జీవులు మొట్టమొదట కనిపించిందే 1979లో, బహామాస్‌లోని ఒక నీటి గుహలో, గాలి నింపిన సిలిండర్లతో లోపలికి ఈదగలిగాక. స్లొవేనియాలో నల్ల ఓల్మ్ ఇంతకుముందు తెలియని కొన్ని ఊటల వెనుక కూడా ఉందని 2017లో తెలిసింది. అదీ జంతువు కంటపడి కాదు, నీటిలో కొట్టుకొచ్చిన దాని డీఎన్‌ఏ జాడల వల్ల.

అందువల్ల వెతికినా దొరకని చోటునూ, ఎవరూ వెతకని చోటునూ వేర్వేరు రంగుల్లో చూపే పటాలు కావాలి. కొన్ని ఊటల నీటిని ఒకే పద్ధతిలో, ఒకే ఋతువులో పరీక్షించినా మొదలుపెట్టవచ్చు. అది జరిగే దాకా ఉత్తరాన ఖాళీలకు మంచునూ, దక్షిణాన ఖాళీలకు తిండినీ కారణంగా చూపడాన్ని నేను అంగీకరించలేను.