సీరియల్ నంబరు ఒకటి చెబుతోంది, బాడీ ఇంకోటి చెబుతోంది: ఈ స్క్వైర్ గిటార్ మీద డబ్బు పెట్టొచ్చా?

గాజువాక_తీగ: సెకండ్ హ్యాండ్‌లో స్క్వైర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ తీసుకున్నాను. అమ్మినాయన అందులో అఫినిటీ రకం, 2010 మోడల్ అన్నాడు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై కొన) మీద సీరియల్ నంబరు ఐసీఎస్10తో మొదలవుతోంది. ఫ్రెట్లు (వేళ్లు నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) 22. పికప్పులు (తీగల శబ్దాన్ని పట్టే అయస్కాంత చుట్టలు) మార్చి, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) కింద బరువైన స్టీల్ బ్లాకు వేయించాలని ఉంది. అసలు ఇది ఏ మోడల్?

కృష్ణలంక: సీరియల్ చాలు తమ్ముడూ. ఐ అంటే ఇండోనేషియా, సీ అంటే కోర్‌టెక్ ఫ్యాక్టరీ, ఎస్ అంటే స్క్వైర్, 10 అంటే 2010. ఒరిజినలే. ఏదీ కదపకుండా ఉంచుకో.

సోల్డరింగ్_బాబాయ్: సీరియల్ ఉన్నది నెక్ మీద, అంటే బాడీకి బిగించే పొడవాటి మెడ మీద. అది నెక్ సంగతే చెబుతుంది. నాలుగు స్క్రూలు విప్పితే నెక్ చేతికొస్తుంది, ఇంకో బాడీకి బిగించడానికి అరగంట పట్టదు. అప్పటి అఫినిటీకి 21 ఫ్రెట్లే, 22 ఉండేది స్క్వైర్ స్టాండర్డ్‌కి. బాడీ మందం కొలువు. 45 మి.మీ. దగ్గరుంటే మామూలు బాడీ, 40 దగ్గరుంటే అఫినిటీది.

గాజువాక_తీగ: కొలిచాను బాబాయ్. 40.

పల్లవి_చరణం: ఆ డబ్బుకి యమహా పసిఫికా వచ్చేది కదా.

సోల్డరింగ్_బాబాయ్: అయితే స్టాండర్డ్ నెక్, అఫినిటీ బాడీ. 22వ ఫ్రెట్ ఉన్న చోట ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లు నొక్కే పలక) నెక్ చివర దాటి కాస్త బయటికి ఉంటుంది కాబట్టి 21 ఫ్రెట్ల బాడీలో కూడా కుదురుతుంది. పూర్తి సైజు స్టీల్ బ్లాకు మాత్రం కొనకు, ఈ సన్నబాడీలో వెనక నుంచి పొడుచుకొస్తుంది. పికప్పులు తిప్పి చూడు. అడుగున పట్టీలాంటి అయస్కాంతం అంటించి ఉంటే సిరామిక్‌వి. మార్చాలంటే ఆల్నికో 5 అయస్కాంతాలవి వేసుకో. కానీ ముందు నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల ముక్క), ఫ్రెట్ల పని చేయించు.

కృష్ణలంక: సీరియల్ ప్రకారం అది 2010 స్క్వైరే. కాదని నిరూపించండి.

సోల్డరింగ్_బాబాయ్: కాదని నేనెక్కడన్నాను? రెండు ముక్కలూ స్క్వైర్‌వే. కలిసి పుట్టినవి కావు, అంతే.

మురళి_నాదం: నా గిటార్‌కి ఒకటే హమ్. పికప్ మార్చాలా?

సోల్డరింగ్_బాబాయ్: తీగలు పట్టుకుంటే తగ్గుతోందా? తగ్గితే బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు బాగానే ఉన్నట్టు. బయటి రొద చొరబడకుండా లోపల రాగి టేపు అతికించు. అద్దె గదైతే ప్లగ్గు మూడో పిన్నుకి ఎర్త్ వస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

కృష్ణలంక: అంతే అనడం మీకు తేలిక. నేను పూర్తి ధర పెట్టి కొన్నది అవసరానికి అమ్మబోతే, షాపులో విప్పి చూసి నెక్ వేరేదన్నారు, సగం కూడా ఇవ్వలేదు. ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బండిలో ఇంకో ఇంజన్ ఉంటే ఎవడు కొంటాడు? ఇలా ముక్కలు కలిపి వదిలేది మీ రిపేరు వాళ్లే.

సోల్డరింగ్_బాబాయ్: మాట జారకండి. నా బల్ల మీద నుంచి వెళ్లే ప్రతి గిటార్‌కీ ఏం మార్చానో కాగితం మీద రాసిస్తాను. మిమ్మల్ని మోసం చేసినవాడి కోపం నా మీద దేనికి?

కృష్ణలంక: కాగితం మొదటివాడి దగ్గరే ఆగిపోతుంది. మూడో చేతికి వచ్చేసరికి అడిగినా చెప్పేవాడుండడు. మాలాంటి ఇళ్లలో గిటార్ కొన్నామంటే, రేపు ఫీజుకో ఆసుపత్రికో అక్కరకొస్తుందన్న ధైర్యంతోనే. మీరు వేసే ప్రతి చిల్లూ ఆ ధరలోంచి పోతుంది.

సోల్డరింగ్_బాబాయ్: ఇప్పుడు అసలు మాట చెప్పారు. మీకది దాచుకున్న సొమ్ము. నా దగ్గరికొచ్చే పిల్లలకి అది రోజూ వాయించాల్సిన వస్తువు. తీగలు ఎత్తుగా ఉండి బేరే కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేది) పట్టలేక, లోపం తమదేననుకుని మానేసినవాళ్లని చూశాను. అమ్మకం ధర కోసం వాళ్లనలా వదిలేయమంటారా?

కృష్ణలంక: నట్ వద్దన్లేదు. కొత్త పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) వేస్తే పిక్‌గార్డు (బాడీ మీది ప్లాస్టిక్ పలక) రంధ్రాలు 9.5 మి.మీ.కి పెంచాలి. దాన్ని వెనక్కి తీసుకోలేం. అది వద్దంటున్నాను.

గాజువాక_తీగ: అమ్మినాయన్ని అడిగాను. తన చేతికొచ్చేటప్పటికే ఇలాగే ఉందట. నట్ పని చేయిస్తున్నాను. బాబాయ్, పాత పాట్లు ఉంచి పికప్పులు ఒక్కటే మార్చినా తేడా తెలుస్తుందా?

సోల్డరింగ్_బాబాయ్: తెలుస్తుంది. పాట్లు 250 కిలో ఓమ్‌లవైతే వాటిని ముట్టుకోకు. తీసిన పికప్పులు కవర్లో పెట్టి దాచు.

కృష్ణలంక: పాత స్క్రూలతో సహా.