బాబు "వెళ్లను" అంటున్నాడు, అయినా వాళ్ల నాన్న దగ్గరికి పంపాలా?

జేపీ నగర్ అమ్మ:
మాది బెంగళూరు. మేం విడిపోయి ఏడాదిన్నర. బాబుకి ఎనిమిదేళ్లు, నా దగ్గరే ఉంటాడు. కోర్టు ఆర్డర్ ప్రకారం రెండో, నాలుగో శనివారాలు వాళ్ల నాన్న వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చి తీసుకెళ్లి సాయంత్రం ఐదింటికి దింపుతారు. ఆయన గేటు బయట బండి దగ్గరే నిలబడతారు, నేను పై నుంచి చూస్తాను. రెండు నెలలుగా శుక్రవారం రాత్రి నుంచే వీడికి కడుపునొప్పి. మొన్న ఒక షూ లేసు కట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. "వెళ్లను" అన్నాడు. మా అమ్మేమో "వాడే వద్దంటుంటే ఇంకేం పంపుతావే" అంటుంది. ఆయన కొట్టే మనిషి కాదు, తాగడు, ఆ మాట నిజం చెప్పాలి. నాకే ఎటూ తోచట్లేదు.

కె.ఆర్.పురం నాన్న:
పంపండమ్మా. మొదట్లో మా పాపను నేను సిద్దయ్య రోడ్డులో ఫ్యామిలీ కోర్టు ఉన్న న్యాయదేగుల భవనంలోనే చూసేవాణ్ణి, గంటసేపు. మొదటి ఇరవై నిమిషాలు నా వైపే చూసేది కాదు. నెమ్మదిగా వచ్చి వేలు పట్టుకునేసరికి టైమ్ అయిపోయేది. ఒకసారి జలుబు, ఒకసారి ఊళ్లో పెళ్లి, ఒకసారి పరీక్షలు, ఇలా వరసగా మూడు సార్లు తప్పింది. నాలుగోసారి వచ్చినప్పుడు పాప నన్ను "మీరు" అంది. అంతకుముందు "నువ్వు" అనేది. ఆ ఒక్క మాట నాకిప్పటికీ మింగుడు పడదు.

బనశంకరి నుంచి:
అన్నా, మీ బాధ నిజమే, కానీ దాన్ని తీర్చడం పిల్లల పని కాదు. మా నాన్న కొట్టేవాడు. అయినా "ఆర్డర్ ఉంది" అని మమ్మల్ని పంపేవాళ్లు, నేనూ తమ్ముడూ బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చునేవాళ్లం. కడుపునొప్పిని నాటకం అని మాత్రం ఎవరూ అనకండి. అక్కా, ముందు నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రిలో పిల్లల విభాగంలో చూపించండి, పంపాలా వద్దా అన్నది తర్వాత.

కె.ఆర్.పురం నాన్న:
కొట్టే ఇంటికి పంపమని నేనూ అనను. అలాంటిచోట వేరే మనిషి ఎదురుగానే కలవాలి, లేదా అసలు వద్దు. కానీ ఇక్కడ అది లేదని ఆవిడే చెప్పారు కదా.

లాయరు, జయనగర్:
పిల్లవాడు వద్దన్నంత మాత్రాన ఆర్డర్ ఆగిపోదు, అలాగని వాడి మాటకి విలువ లేదనీ కాదు. ఆలోచించి చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పిల్లల క్షేమానికే పెద్దపీట వేస్తుంది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దూరాన ఉన్నవాళ్లకి వీడియో కాల్ మాట కూడా అందులోనే వచ్చింది. మీ అంతట మీరు పంపడం మానేస్తే అది రేపు మీ మీదికే వస్తుంది. ఆర్డర్ మార్చమని అడగండి, బాబుతో జడ్జిగారినే చాంబర్‌లో మాట్లాడమని అడగండి.

విజయనగర్ అమ్మాయి:
చిన్నప్పుడు నేనూ "వెళ్లను" అన్నదాన్నే. నాన్న అంటే ఇష్టం లేక కాదు. తిరిగొచ్చాక అమ్మమ్మ "ఏం పెట్టాడు, ఇంట్లో ఎవరెవరున్నారు" అని అడిగేది, అమ్మ వంటింట్లోంచి మాట్లాడకుండా వినేది. ఏం చెప్పినా ఎవరో ఒకరు బాధపడతారని భయం. వెళ్లకపోతే ఆ ప్రశ్నలే ఉండవు కదా అనుకున్నాను. అక్కా, మీ బాబుని "నాన్న దగ్గర బాగుంటుందా" అని అడక్కండి, శనివారం ఏ టైమ్‌లో కష్టంగా ఉంటుందో అడగండి.

జేపీ నగర్ అమ్మ:
నిన్న రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని అలాగే అడిగాను. చాలాసేపు దుప్పటి అంచు చుడుతూ ఉండి, "గేటు దగ్గర మీరిద్దరూ మాట్లాడుకోరు కదా, అప్పుడు" అన్నాడు. ఇంకేం అనలేదు, నేనూ రెట్టించలేదు.

ఈసారి క్రికెట్ కోచింగ్ గ్రౌండ్ నుంచే తీసుకెళ్లమని ఆయనకి మెసేజ్ పెట్టాను, సాయంత్రం దింపేటప్పుడు నేనూ కిందికి దిగి రెండు మాటలు మాట్లాడతానని కూడా రాశాను. సరే అన్నారు. డాక్టర్‌కీ చూపిస్తాను. ఇక మా అమ్మతో మాట్లాడాలి, అదే అన్నిటికంటే కష్టంగా ఉంది.